వంద కిలోల గీతకు ఇవతల

చిన్నప్పుడు మా వీధిలో డబ్ల్యూడబ్ల్యూఈ కార్డులాట ఆడని పిల్లాడు లేడు. ఎత్తు, బరువు, బైసెప్స్, ర్యాంకు... ఎదుటివాడి కార్డు మీద కంటే మన కార్డు మీద నంబరు పెద్దదైతే అది మనదే. బిగ్ షో చేతికొస్తే పండగే. ‘బరువు’ అని అరిస్తే చాలు. రే మిస్టీరియో వస్తే మాత్రం మొహం మాడిపోయేది. టీవీలో నాకు అందరికంటే ఇష్టమైనవాడు అతనే. కార్డుల్లో మాత్రం ఎత్తులోనూ ఓటమే, బరువులోనూ ఓటమే.

చాన్నాళ్ల తర్వాత ఫోన్‌లో జపాన్ రెజ్లింగ్ చూడటం మొదలుపెట్టా. అక్కడ తేలికపాటి వాళ్ల కోసమే ఒక బెల్టు ఉంది. పేరు ఐడబ్ల్యూజీపీ జూనియర్ హెవీవెయిట్ టైటిల్. ‘జూనియర్’ అన్నారు కదా అని కుర్రాళ్ల పోటీ అనుకునేరు. వయసుతో సంబంధం లేదు. వంద కిలోలు దాటనివాళ్ల విభాగం అది.

‘‘ఎవరు గెలవాలో ముందే రాసుకుంటారు కదరా! ఇక ఆ బెల్టుకు విలువేంటి?’’ నేను ఫోన్ పట్టుకున్నప్పుడల్లా మా అన్నయ్య అడిగే ప్రశ్న ఇది. న్యాయమైన ప్రశ్నే. ఫలితం ముందే నిర్ణయిస్తారన్నది నిజం. జవాబు కోసం ఆ బెల్టు కథంతా తిరగేశా.

పులి ముసుగు వెనక

న్యూ జపాన్ ప్రో రెజ్లింగ్‌ను 1972లో ఆంటోనియో ఇనోకి స్థాపించాడు. అక్కడా భారీకాయులదే రాజ్యం. 1981 ఏప్రిల్ 23న ఆ లెక్క కాస్త మారింది. పిల్లలు ఎగబడి చదివిన కామిక్స్‌లోని హీరో ‘టైగర్ మాస్క్’ నిజంగానే రింగ్‌లోకి దిగాడు. పులి ముసుగు వెనక ఉన్నది సతోరు సయామా. ఎదురుగా బ్రిటన్ నుంచి వచ్చిన డైనమైట్ కిడ్. ఆ వేగం, ఆ గాల్లో పల్టీలు చూసి జనం నోళ్లు తెరిచారు. బరువు లేనివాడు బరువైనవాడిలా ఆడక్కర్లేదని అప్పుడు తెలిసింది. తనకున్నది వేగం. దాంతోనే ఆడతాడు.

ఐదేళ్లకు ఈ విభాగానికి సొంత బెల్టు వచ్చింది. 1986 ఫిబ్రవరి 6న టోర్నీ ఫైనల్లో ‘ది కోబ్రా’ను ఓడించి షిరో కోషినాకా తొలి ఛాంపియన్ అయ్యాడు. తమాషా ఏంటంటే, ఆ మ్యాచ్ జరిగింది టోక్యోలోని రియోగోకు కొకుగికాన్‌లో. సుమో వీరుల సొంతిల్లు అది. పర్వతాల్లాంటి మనుషులు తలపడే చోట తేలికవాళ్ల బెల్టు పుట్టింది.

పొట్టివాడని పొమ్మన్నారు

కేయిచి యమదా అనే కుర్రాడిని ఎత్తు చాలదని న్యూ జపాన్ తీసుకోలేదు. అతను ఇంటికి వెళ్లిపోలేదు, మెక్సికో వెళ్లి శిక్షణ తీసుకున్నాడు. అక్కడ అతని పట్టుదల చూసి న్యూ జపాన్ వాళ్లే వెనక్కి పిలిచారు. 1984లో రింగ్‌లోకి వచ్చాడు. 1989 ఏప్రిల్ 24న టోక్యో డోమ్‌లో ఎర్రటి సూటు, ముసుగుతో ఒక యానిమే హీరోగా మారాడు. అతనే జుషిన్ లైగర్. నెల తిరిగేసరికి, మే 25న హిరోషి హసేను ఓడించి బెల్టు కట్టాడు.

మొత్తం 11 సార్లు ఆ బెల్టు అతని నడుముకెక్కింది. ఇప్పటికీ అదే రికార్డు. 1996లో మెదడులో కణితి ఉందని తేలింది. అదృష్టం కొద్దీ క్యాన్సర్ కాదు. కోలుకున్నాడు. 1997 జనవరి 4న టోక్యో డోమ్‌లో అల్టిమో డ్రాగన్‌ను ఓడించి బెల్టు మళ్లీ తెచ్చుకున్నాడు.

ఇక్కడే అన్నయ్య ప్రశ్నకు సగం జవాబు దొరికింది. ఫలితం ముందే రాస్తారు, సరే. మరి అతని పేరే 11 సార్లు ఎందుకు రాశారు? బెల్టు ఇవ్వడమంటే ‘ఈ విభాగాన్ని నువ్వు మోస్తావు, నిన్ను చూడ్డానికి జనం టికెట్ కొంటారు’ అని నమ్మడం. ఒకప్పుడు పొమ్మన్నవాళ్లే అన్నిసార్లు నమ్మారు.

కొందరికి ఈ బెల్టు పైకెక్కే మెట్టు. 2015లో ఇది గెలిచిన కెన్నీ ఒమెగా, 2018లో హెవీవెయిట్ ఛాంపియనే అయ్యాడు. ప్రిన్స్ డెవిట్‌గా దీన్ని మూడుసార్లు గెలిచినవాడే డబ్ల్యూడబ్ల్యూఈలో మనకు తెలిసిన ఫిన్ బాలర్. లైగర్‌కు మాత్రం ఇది మెట్టు కాదు, ఇల్లు.

మెడకు స్క్రిప్టు లేదు

మిగతా సగం జవాబు హిరోము తకహాషి దగ్గరుంది. 2018 జులై 7న శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర డ్రాగన్ లీతో మ్యాచ్. అప్పటికి ఛాంపియన్ హిరోమునే. డ్రాగన్ లీ ఎత్తి వేసినప్పుడు తల తేడాగా పడింది. మెడ విరిగింది. అయినా మ్యాచ్ పూర్తి చేశాడు, బెల్టు నిలబెట్టుకున్నాడు. తర్వాత గాయం వల్ల దాన్ని వదిలేయాల్సి వచ్చింది. ఏడాదికి పైగా రింగ్‌కు దూరం.

2020 జనవరి 4న టోక్యో డోమ్‌లో విల్ ఆస్ప్రేను ఓడించి బెల్టు తిరిగి గెలిచాడు. మర్నాడు అదే రింగ్‌లో 55 ఏళ్ల లైగర్ చివరి మ్యాచ్. లైగర్ పక్కన నవోకి సానో. 1989లో లైగర్ నుంచి ఈ బెల్టే లాక్కున్నవాడు. ఎదురుగా హిరోము. హిరోము పక్కన నిలబడింది ఎవరనుకున్నారు? రియూ లీ. అంటే పేరు మార్చుకున్న డ్రాగన్ లీ! ఎవరి చేతుల్లో మెడ విరిగిందో, అతనితోనే జట్టు కట్టాడు. ఆ రోజు లైగర్‌ను ఓడించి సాగనంపింది హిరోమునే.

మ్యాచ్ ఫలితం రాయొచ్చు, మెడ విరగడం ఎవరూ రాయరు. బరువు లేనివాళ్లు గాల్లోకి లేవాలి, లేచిన ప్రతిసారీ ఒళ్లు ఇంకొకరి చేతుల్లో పెట్టాలి. బెల్టు కంటే ముందు అక్కడ మారేది ఆ నమ్మకం.

మొన్న అన్నయ్యకు ఆ రెండు రోజుల మ్యాచ్‌లూ చూపించా. మొత్తం చూశాడు. ఏమీ అనలేదు గానీ, ఒక పల్టీ దగ్గర ఆపి వెనక్కి జరిపి మళ్లీ చూశాడు. మీరూ చూస్తే చిన్న సలహా. ఎగిరేవాణ్ని అందరూ చూస్తారు. మీరు మాత్రం కింద నిలబడి అందుకునేవాడి చేతులు చూడండి.