హనీన్: చీలిన బైరూత్‌లో యువహృదయం

అరబీ పదాలలో కొన్నింటిని తెనిగించేటప్పుడు నిఘంటువు సగం దూరమే తోడు వస్తుంది. ‘హనీన్’ అటువంటి పదం. దూడకు దూరమైన తల్లి ఒంటె పెట్టే అరుపును అరబ్బులు ఈ మాటతో చెప్పేవారు. స్వదేశం కోసం, ఆత్మీయుల కోసం పడే తపనకు కూడా ఇదే మాట. మస్జిదె నబవీలో మింబరు అమర్చిన నాడు, అంతవరకు దైవప్రవక్త (స) ఆనుకొని ప్రసంగించిన ఖర్జూరపు మోడు చూడి ఒంటెవలె రోదించిందనీ, ఆయన దిగివచ్చి చేయి వేయగా ఊరడిల్లిందనీ సహీహ్ బుఖారీలోని హదీసు తెలుపుతున్నది. ‘విరహం’ అంటే శృంగారపు ఛాయ వస్తుంది. ‘ఆకాంక్ష’లో ఆర్తి లేదు. మన ఇళ్ళలో పలికే ‘బెంగ’ అనే మాటే హనీన్‌కు దగ్గరిది.

బెంగ సామాన్యంగా దూరాన ఉన్నదానిపై కలుగుతుంది. లెబనాన్ అంతర్యుద్ధం (1975–1990) బైరూత్ యువతకు తాము నివసిస్తున్న నగరం మీదనే బెంగ కలిగించింది. 1975 ఏప్రిల్ 13న ఐనుర్రుమ్మానా పేటలో ఫలస్తీనీయులున్న బస్సుపై జరిగిన కాల్పులతో పోరు రగిలింది. నగరం రెండుగా చీలింది: తూర్పున ప్రధానంగా క్రైస్తవులు, పశ్చిమాన ప్రధానంగా ముస్లిములు. నడుమ నిర్మానుష్యమైన వీధులలో మొక్కలు మొలిచి చెట్లయినాయి. ఆ సరిహద్దుకు ‘హరితరేఖ’ అని పేరు. గుర్తింపు కార్డులో మతశాఖ నమోదై ఉండేది. సాయుధులు దారికాచి కార్డులు చూసినప్పుడు ఆ ఒక్క మాటే ఎందరి ప్రాణాలనో తీసింది.

ఆ సాయుధులలో అనేకులు నూనూగు మీసాల వారే. అదే వయసు వారిలో మరికొందరి చేతికి కెమెరా వచ్చింది. పశ్చిమ బైరూత్‌లో పెరిగిన జియాద్ దువైరీ 1998లో ఆ పేటపేరుతోనే ఒక చిత్రం తీశాడు. అందులో తారిఖ్, ఉమర్ ముస్లిం బాలురు. మే క్రైస్తవ బాలిక. బడి మూతపడడం మొదట వారికి పండుగ. చిన్న సూపర్ 8 కెమెరాతో ఊరంతా తిరుగుతారు. ఇంట్లో తల్లి దేశం విడిచి పోదామంటుంది, తండ్రి ససేమిరా అంటాడు. ఆట మెల్లగా విషాదమవుతుంది.

శవాలు లేస్తున్న చోట కళ ఎందుకని కొందరు అడుగుతారు. సమాధానం యుద్ధం ముగిసిన తర్వాతి చరిత్రలో ఉన్నది. 1991లో క్షమాభిక్ష చట్టం వచ్చి యుద్ధనేరాలలో అధికభాగాన్ని కప్పివేసింది. ఆ యుద్ధాన్ని అందరూ అంగీకరించే విధంగా చెప్పే చరిత్ర పాఠ్యపుస్తకం దశాబ్దాలు గడిచినా వెలువడలేదు. యుద్ధం తర్వాత పుట్టిన పిల్లలు, పాఠశాల చెప్పని దానిని ఇంటి మాటలలోనూ, నవలలలోనూ, ఇటువంటి చిత్రాలలోనూ వెతుక్కోవలసి వచ్చింది.

తుపాకి పట్టాలంటే అవతలి పేటలోని స్నేహితుణ్ణి మరచిపోవాలి. హనీన్ మరువనివ్వదు. రోదించే మోడును దైవప్రవక్త (స) కసరలేదు, చేయి వేశారు. యువకుల బెంగను పెద్దలు ఆ విధంగా ఆలకించని చోట, దానిని తమకు అనువుగా మలచుకొనడానికి సాయుధ ముఠాలు ఎప్పుడూ సిద్ధంగానే ఉంటాయి.