పాత హార్డ్ డిస్కు మళ్లీ బిగించవచ్చా? ముందు ఈ సంగతులు చూసుకోండి

కొత్త ల్యాప్‌టాప్ రాగానే పాత కంప్యూటర్ అటక ఎక్కుతుంది. అందులోని హార్డ్ డిస్కును మాత్రం చాలా ఇళ్లలో తీసి బీరువాలో దాస్తారు. పదిహేనేళ్ల కిందటి పెళ్లి ఫోటోలు, తాతగారి షష్టిపూర్తి వీడియో, పిల్లల సర్టిఫికెట్ల స్కాన్ కాపీలు, సంఘం ఉగాది సంచిక ఫైళ్లు అందులోనే ఉంటాయి. హోసూరులో ఉన్నా, బరంపురంలో ఉన్నా, షోలాపూర్‌లో ఉన్నా మన ఇళ్లలో ఇదే పరిస్థితి. ఆ డిస్కును మళ్లీ బిగించి వాడుకోవచ్చా, పాత సామాన్లకు వేసేయాలా? అది దేనికి వాడతారన్న దాన్ని బట్టి ఉంటుంది.

విండోస్ ఎక్కించడానికి వద్దు

హార్డ్ డిస్కులో పళ్లేలు తిరుగుతుంటాయి, వాటిపై ఒక సన్నని చేయి కదులుతూ సమాచారం చదువుతుంది. నిమిషానికి 7200 చుట్లు తిరిగే డిస్కులో ఒక్క చుట్టుకు సుమారు 8 మిల్లీసెకన్లు పడుతుంది. కంప్యూటర్ తెరుచుకునేటప్పుడు వేలకొద్దీ చిన్న ఫైళ్లు చదవాలి. ప్రతిదానికీ ఆ చేయి వెతుక్కుంటూ వెళ్లాలి కాబట్టే అంత ఆలస్యం. ఎస్‌ఎస్‌డీలో తిరిగే భాగాలేవీ ఉండవు, ఆ వెతుకులాటా ఉండదు.

అందుకే పాత కంప్యూటర్‌ను ఇంకొన్నాళ్లు నడపాలనుకుంటే విండోస్‌కు పాత డిస్కు బదులు ఒక చిన్న సాటా ఎస్‌ఎస్‌డీ వేయించండి. చాలా సందర్భాల్లో ప్రాసెసర్ మార్చకుండానే తేడా కనిపిస్తుంది. అయితే విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. మీ కంప్యూటర్ విండోస్ 11కు సరిపోతుందో లేదో ముందే కనుక్కుని ఖర్చు పెట్టండి.

రెండో కాపీకి పనికొస్తుంది

ఫోటోలు, వీడియోల రెండో కాపీ దాచడానికి మంచి స్థితిలో ఉన్న పాత డిస్కు చాలు. అక్కడ వేగంతో పెద్దగా పనిలేదు. ఉన్న ఒకే ఒక్క కాపీని మాత్రం దానికి అప్పగించకండి. డిస్కు ఎంత పాతదైతే అరిగిన భాగాలు మొరాయించే అవకాశం అంత ఎక్కువ. యానాం, చెన్నై లాంటి సముద్రతీర ఊళ్లలో తేమ మరో శత్రువు. డిస్కును సిలికా జెల్ పొట్లంతో మూత గట్టి డబ్బాలో ఉంచండి.

డిస్కు ఆరోగ్యం ఎలా తెలుస్తుంది?

ప్రతి డిస్కూ తన స్థితిని స్మార్ట్ అనే పద్దులో తానే రాసుకుంటుంది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌తో దాన్ని చూడవచ్చు. మూడు వరుసలు ముఖ్యం. పాడైన చోట్లకు బదులు వేరే చోట్లు కేటాయించిన లెక్క 05. చదవడానికి మొరాయిస్తున్న చోట్ల లెక్క సీ5. సరిచేయలేకపోయినవి సీ6. ఈ మూడింటిలో సున్నా కాకుండా అంకె ఉండి, అది పెరుగుతూ పోతుంటే ఆ డిస్కును నమ్మకండి. సీ7 మాత్రమే పెరుగుతుంటే తప్పు చాలాసార్లు కేబుల్‌లో ఉంటుంది, ముందు అది మార్చి చూడండి.

పద్దు శుభ్రంగా ఉన్నా హఠాత్తుగా ఆగిపోయిన డిస్కులున్నాయి. టక్ టక్‌మని చప్పుడు వస్తే వెంటనే కరెంటు ఆపేయండి. మళ్లీ మళ్లీ ఆన్ చేస్తే ఉన్నది కూడా పోతుంది. మామూలు గదిలో దాని మూత విప్పనివ్వకండి. చిన్న ధూళి రేణువు చాలు, పళ్లెం గీరుకుపోతుంది.

బిగించే పద్ధతి

వెడల్పాటి పట్టీ కేబుల్, 40 పిన్నులు ఉంటే అది ఐడీఈ డిస్కు. కొత్త మదర్‌బోర్డుల్లో దానికి చోటు లేదు. సన్నని కేబుల్ ఉన్నది సాటా, అది ఇప్పటి డెస్క్‌టాప్‌లలోనూ పడుతుంది. కేవలం ఫైళ్లు తీసుకోవడమే మీ పనైతే కంప్యూటర్ విప్పనక్కర్లేదు, యూఎస్‌బీ కన్వర్టర్ చాలు. ల్యాప్‌టాప్‌లోంచి తీసిన చిన్న డిస్కు సాధారణంగా యూఎస్‌బీ కరెంటుతోనే నడుస్తుంది. డెస్క్‌టాప్ డిస్కుకు మాత్రం విడిగా అడాప్టర్ కావాలి.

డిస్కు తగిలించగానే "ఫార్మాట్ చేయాలా" అని విండోస్ అడిగితే వద్దనండి. ముందు ఫైళ్లన్నీ కాపీ చేసుకుని, నాలుగైదు తెరిచి చూసుకున్నాకే మిగతా పనులు.

పాత తెలుగు ఫైళ్లకు ఇంకో జాగ్రత్త

సంఘం సంచికలు, శుభలేఖలు చాలావరకు పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో కూర్చినవి. అవి యూనికోడ్ కావు. ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో తెరిస్తే తెలుగుకు బదులు అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. ఫైలు పాడైందని దాన్ని చెరిపేయకండి. పాత కంప్యూటర్‌లోని ఫాంట్స్ ఫోల్డర్‌ను కూడా కాపీ చేసుకోండి. ఆ కంప్యూటర్ ఇంకా పనిచేస్తుంటే ప్రతి పేజీనీ పీడీఎఫ్‌గా మార్చి దాచండి. మన ఊళ్లలో తెలుగు డీటీపీ చేసేవాళ్లు తగ్గిపోతున్నారు. ఈ పని ఇప్పుడు చేయకపోతే తర్వాత చేసిపెట్టేవాళ్లు దొరకడం కష్టం.

పాత ఎస్‌ఎస్‌డీ ఉంటే

దాన్ని రోజూ వాడే కంప్యూటర్లో వేసుకోండి, బీరువాలో దాచడానికి అది తగదు. ఎస్‌ఎస్‌డీ సమాచారాన్ని విద్యుదావేశంగా నిలుపుతుంది. బాగా అరిగినది ఏళ్ల తరబడి కరెంటు లేకుండా పడి ఉంటే ఆ ఆవేశం కారిపోయి ఫైళ్లు చెడవచ్చు.

ఇచ్చేసే ముందు

ఫైళ్లు డిలీట్ చేసినా, క్విక్ ఫార్మాట్ చేసినా జాబితా మాత్రమే పోతుంది, సమాచారం డిస్కులోనే ఉంటుంది. ఆధార్, పాన్, బ్యాంకు కాగితాల స్కాన్‌లు ఉంటే హార్డ్ డిస్కును పూర్తి ఫార్మాట్ చేయండి. ఎస్‌ఎస్‌డీకి తయారీ సంస్థ ఇచ్చే ఎరేజ్ ప్రోగ్రామ్ వాడండి. ఆ తర్వాతే అనుమతి ఉన్న ఈ-వ్యర్థాల కేంద్రానికి ఇవ్వండి.

చివరిగా, ఫోటోల కాపీలు రెండూ ఒకే ఇంట్లో ఉంచకండి. ఒకటి వేరే ఊళ్లో ఉన్న అన్నదమ్ములకో, ఆడపడుచుకో పంపండి. వరదొచ్చినా, దొంగలు పడినా ఒకటి మిగులుతుంది.