గద్దె దిగడం తెలిసిన నాయకుడు

1950 దశకంలో ఉత్తర రొడీషియాలోని లుసాకా నగరంలో మాంసం కొనదలచిన నల్లజాతివాడు దుకాణంలో అడుగుపెట్టరాదు. ప్రక్కగోడకున్న చిన్న కంత వద్ద నిలబడి, లోపలివారు ఏది పొట్లం కట్టి అందిస్తే దానినే పుచ్చుకొని పోవాలి. ముందు ద్వారం తెల్లవారికే. ఈ అవమానాన్ని నిరసిస్తూ ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెసు ఆ దుకాణాలను బహిష్కరించింది. ఆ సంస్థ ప్రధాన కార్యదర్శిగా ఉన్న యువకుడు మాంసాహారాన్నే విసర్జించాడు. ఆయనే కెనెత్ కౌండా. తరువాతి కాలంలో జాంబియా తొలి అధ్యక్షుడు.

కౌండా 1924 ఏప్రిల్ 28న చిన్సాలి సమీపంలోని లుబ్వా క్రైస్తవ మిషనులో జన్మించాడు. తండ్రి న్యాసాలాండు నుండి వచ్చిన మతబోధకుడు, తల్లి ఉపాధ్యాయిని. ఎనిమిదిమంది సంతానంలో ఆయనే కడగొట్టువాడు. బాల్యంలోనే తండ్రిని కోల్పోయినా, చదువు సాగించి ఉపాధ్యాయుడయ్యాడు. కాని పాఠశాల గోడల మధ్య ఆయన మనస్సు నిలువలేదు.

గాంధీజీ అహింసా సిద్ధాంతం ఆయనను గాఢంగా ఆకర్షించింది. నిషిద్ధ సాహిత్యాన్ని పంచిన నేరానికి 1955లో రెండునెలల కఠినశిక్ష అనుభవించాడు. 1958లో కాంగ్రెసు నుండి విడివడి కొత్త పార్టీని స్థాపించగా, మరుసటి యేడే ప్రభుత్వం దానిని నిషేధించి ఆయనను నిర్బంధించింది. 1960 జనవరిలో చెర వీడగానే యునైటెడ్ నేషనల్ ఇండిపెండెన్స్ పార్టీ పగ్గాలు చేపట్టాడు. 1961 నాటి శాసనోల్లంఘన ఉద్యమంలో వంతెనలు కూలాయి, పాఠశాలలు తగులబడ్డాయి. అహింసను బోధించడం వేరు, ఆగ్రహించిన జనాన్ని ఆ మార్గాన నడపడం వేరు అని కౌండాకు తెలిసివచ్చింది. అయినా లక్ష్యం నెరవేరింది. 1964 అక్టోబరు 24న జాంబియా స్వతంత్రమైంది. అప్పటికి ఆయన వయస్సు నలభై యేండ్లు.

సంక్రమించిన వారసత్వం బరువైనది. దేశం మొత్తంమీద ఆఫ్రికన్ పట్టభద్రులు సుమారు నూరుమంది. ఎగుమతుల రాబడి దాదాపు అంతా రాగిదే. డెబ్బదికి పైగా తెగలు. ‘ఒకే జాంబియా, ఒకే జాతి’ అన్న నినాదంతో కౌండా వారిని ఒక్కత్రాటిపైకి తెచ్చాడు. పాఠశాలలు, ఆసుపత్రులు, విశ్వవిద్యాలయం నెలకొల్పాడు.

1965లో పొరుగున దక్షిణ రొడీషియా శ్వేత ప్రభుత్వం ఏకపక్షంగా స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. సముద్రతీరం లేని జాంబియాకు చమురు, సరుకు వచ్చే దారి అదే. తలవంచితే వ్యాపారం నిలుస్తుంది. ఎదిరిస్తే దేశం ఇక్కట్ల పాలవుతుంది. కౌండా ఎదిరించడానికే నిశ్చయించాడు. దక్షిణాఫ్రికా, నమీబియా, జింబాబ్వే విమోచనోద్యమాలకు లుసాకా ఆశ్రయమైంది. చైనా సహాయంతో దార్-ఎస్-సలామ్ రేవు వరకు 1,860 కిలోమీటర్ల రైలుమార్గం నిర్మాణమైంది. 1970లో అలీన దేశాల శిఖరాగ్ర సభ లుసాకాలోనే జరిగింది. ఆ సంవత్సరపు నెహ్రూ అవార్డుతో భారతదేశం ఆయనను గౌరవించింది.

కాని స్వాతంత్ర్యం కోసం పోరాడినవాడే స్వదేశంలో భిన్నాభిప్రాయాన్ని సహించలేకపోయాడు. 1972 డిసెంబరులో జాంబియా ఏకపార్టీ రాజ్యమైంది. తరువాతి ఎన్నికలలో అధ్యక్ష పదవికి అభ్యర్థి ఆయన ఒక్కడే. 1970 దశకం మధ్యలో రాగి ధర పడిపోవడంతో అప్పులు కొండలా పెరిగాయి. 1986లో, తిరిగి 1990లో, మొక్కజొన్న పిండి ధర పెరిగినప్పుడు జనం వీధులకెక్కారు, ప్రాణాలు పోయాయి.

అప్పుడు కౌండా వెనుకకు తగ్గాడు. గడువుకు ముందే బహుళపక్ష ఎన్నికలకు అంగీకరించాడు. 1991 అక్టోబరు 31న కార్మికనేత ఫ్రెడరిక్ చిలూబా నాలుగింట మూడువంతుల ఓట్లతో ఆయనను ఓడించాడు. ఇరవై యేడేండ్లు ఏలిన నాయకుడు సైన్యాన్ని పిలువలేదు. ప్రజాతీర్పును శిరసావహించి అధికారాన్ని అప్పగించాడు.

పరీక్షలు అంతటితో తీరలేదు. 1996లో, తలిదండ్రులు పరదేశీయులన్న నెపంతో, రాజ్యాంగ సవరణ ద్వారా ఆయనను అధ్యక్ష పోటీకి అనర్హుణ్ణి చేశారు. జాతిపితయే పరాయివాడయ్యాడు! 1997 క్రిస్మస్ నాడు నిర్బంధించారు. మరుసటి యేడు ఆరోపణలు ఉపసంహరించుకున్నారు. 2021 జూన్ 17న తొంబదియేడేండ్ల వయస్సులో కౌండా కన్నుమూసినప్పుడు ఆ జాతే ఆయనకై కన్నీరు కార్చింది.

అధికారాన్ని సాధించిన వీరులు చరిత్రలో పెక్కుమంది. చేసిన తప్పిదాలకు ప్రజలు విధించిన శిక్షను మౌనంగా స్వీకరించినవారు కొద్దిమంది. కౌండా ఆ కొద్దిమందిలోని వాడు.