శిలీంధ్రాలు వేస్తే నేలలో సీసం పోతుందా?

ట్రైకోడెర్మా, మైకోరైజా వేస్తే నేలలోని సీసం, కాడ్మియం పోతాయా అని మా కోట పొలం వీడియో చూసినవాళ్లు చాలామంది అడుగుతున్నారు. సూటిగా చెప్తాను: పోవు, కట్టుబడతాయి.

కొన్ని పురుగుమందుల అవశేషాల్ని శిలీంధ్రం విరగ్గొట్టగలదు. సీసం మూలకం కదా, దాన్ని ఏ జీవీ విరగ్గొట్టలేదు. శిలీంధ్రపు పోగుల గోడల్లో కైటిన్ ఉంటుంది, లోహం దానికి అతుక్కుంటుంది. మైకోరైజా వేరు దగ్గరే కొంత లోహాన్ని పట్టి ఉంచి, పైకి ఎక్కేది తగ్గించగలదు.

పటాన్‌చెరు సంగతి తెలుసుగా! ఫ్యాక్టరీల వ్యర్థాలు నక్కవాగులో కలిసి, ఆ నీళ్లు పారిన పొలాలు దెబ్బతిన్నాయి. అక్కడి మట్టిలో భార లోహాలు ఎక్కువున్నాయని హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు తేల్చారు. అలాంటి నేలకి ఒక ప్యాకెట్ చాలదండి.

అనుమానం ఉన్న పొలంలో ఇలా చేయండి:

1. ముందు ఆ నీళ్లు పారించడం ఆపండి.
2. మట్టి పరీక్షలో ఎన్‌పీకేతో ఆగకుండా భార లోహాలు కూడా అడిగి చూపించుకోండి.
3. మైకోరైజాని జొన్న, మొక్కజొన్నలాంటి పైర్లకు వాడండి. ఆవాలు, క్యాబేజీ వేర్లకు అది పట్టదు.
4. అక్కడ మొలిచిన పుట్టగొడుగులు తినొద్దు. అవి లోహాన్ని పీల్చుకుంటాయి. కంపోస్టులోనూ వేయొద్దు, తిరిగి మన పొలానికే వస్తుంది.

మైకోరైజా వేసే పద్ధతి కింది వీడియోలో చూపించాను, చూడండి.