నోటెక్కిన గని... చోటు మిగిలింది!

చైనావాళ్ల పాత అయిదు యువాన్ల నోటు అది. 1960 నాటిది. ఓవైపు ఉక్కు కార్మికుడు, మరోవైపు బొగ్గు తవ్వుతున్న భారీ యంత్రం. ఆ బొమ్మ హైజౌ గనిదే అంటారు. తమ ఊరి బొగ్గుగని దేశమంతటి జేబుల్లో తిరుగుతుంటే ఆ ఊరివాళ్లకి ఎంత గర్వంగా ఉండాలి!

ఆ ఊరు ఫూషిన్. ఈశాన్య చైనాలోని లియావోనింగ్ ప్రావిన్సులో ఉంది. సోవియట్ సాయంతో కట్టిన హైజౌలో 1953లో బొగ్గు తవ్వకం మొదలైంది. అప్పట్లో ఆసియాలోనే పేరున్న ఓపెన్‌కాస్ట్ గని. అక్కడ పని దొరికితే ఇక జీవితానికి ఢోకా లేదు. ఇల్లు, ఆసుపత్రి, పిల్లల బడి... అన్నీ గనివే. తండ్రి దిగిపోతే ఆ కొలువు కొడుక్కి.

కానీ కూర్చుని తింటే కొండలైనా తరుగుతాయి. ఇక్కడ తవ్వుకుని తిన్నారు, అంతే తేడా! చివరికి మిగిలింది దాదాపు 4 కిలోమీటర్ల పొడవు, 2 కిలోమీటర్ల వెడల్పు, 350 మీటర్ల లోతున్న గొయ్యి. నాలుగు కుతుబ్‌మినార్లని ఒకదానిమీద ఒకటి నిలబెట్టినా పైకి కనపడవు.

2001లో చైనా ప్రభుత్వం 'వనరులు అడుగంటిన నగరం'గా దేశంలో మొట్టమొదట ప్రయోగానికి ఎంచుకున్నది ఫూషిన్‌నే. ముందుగా తోచిన దారి సేద్యం. పని పోయిన కార్మికులకి గ్రీన్‌హౌస్‌లు చూపించారు, పందుల పెంపకం నేర్పించారు. పాతికేళ్లు పార పట్టి బొగ్గు తీసిన మనిషిని ఒక్కసారిగా టమాటాలు పండించమంటే మాటలా? ఊరందరికీ పని చూపడం సేద్యం వల్ల కాలేదు.

ఆ కష్టకాలంలోనే మరో దెబ్బ. 2005 ఫిబ్రవరి 14న అదే నగరంలోని సుంజియావాన్ భూగర్భ గనిలో గ్యాస్ పేలి 214 మంది చనిపోయారు. హైజౌ మూతపడిందీ ఆ ఏడాదే. బొమ్మ ఉన్న నోటు అంతకు అయిదేళ్ల ముందే చెలామణీ నుంచి పోయింది.

బొగ్గు తీసిన చోట నేల కుంగి ఇళ్ల గోడలు బీటలువారాయి. ఆ కుటుంబాలని కొత్త అపార్టుమెంట్లకి తరలించాల్సొచ్చింది. గొయ్యి కూడా ఊరుకోలేదు. అడుగున మిగిలిన బొగ్గు తనంతట తానే రాజుకునేది. అంచులు విరిగిపడేవి.

అయినా ఉన్నవాటితోనే బతుకుతెరువు వెతుక్కుంది ఫూషిన్. ఇసుక నేలల మీద వీచే గాలికి మరలు నిలబెట్టి కరెంటు తీస్తోంది. తరతరాలుగా చేతిలో ఉన్న అగేట్ రాళ్ల చెక్కడాన్ని పెద్ద వ్యాపారం చేసుకుంది. హైజౌ 2009లో గనుల పార్కయింది. బొగ్గు మోసిన రైలింజన్ల పక్కన ఇప్పుడు సందర్శకులు ఫొటోలు దిగుతారు. షిన్‌చ్యూలోని మరో పాత గనిలోనైతే ఏకంగా కార్ల రేసులే!

ఇన్ని చేసినా పిల్లలు ఆగట్లేదు. 2010 జనగణనలో 18 లక్షలకు పైగా ఉన్న జనం 2020 నాటికి 16.5 లక్షలకు తగ్గారు. గనిలో చేసి రిటైరైన తాతలు మాత్రం అక్కడే ఉన్నారు.