జంట నక్షత్రం నిజమా, అచ్చు కదిలిందా?

ఈ వేళ ఊరగాయల గురించో, పిల్లల చదువుల గురించో కాకుండా చిల్లర డబ్బుల గురించి చెబుతానంటే నవ్వుకుంటారేమో. నవ్వితే నవ్వండి గాని, పోపులడబ్బాలో దాచుకున్న రెండున్నర వేలు పోగొట్టుకున్నాక వచ్చిన జ్ఞానమిది. మీకు ఊరికే వస్తోంది, విని పెట్టుకోండి.

మా రెండోవాడికి నాణేల పిచ్చి. పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకున్నాడు గదా, వాడికి నచ్చినదేదో కొనిద్దామని పాత నాణేలమ్మే కొట్టుకు వెళ్ళాను. కొట్టాయన ఒక రూపాయి బిళ్ళ తీసి, "చూడండమ్మా, సంవత్సరం కింద నక్షత్రం ఉందే, అది ఒకటి కాదు, రెండు. టంకశాలలో గుర్తు రెండుసార్లు పడింది. ఇలాంటిది మళ్ళీ దొరకదు" అన్నాడు. భూతద్దంలో చూస్తే నిజమే, నక్షత్రం పక్కన మరో నక్షత్రం నీడలాగా కనబడింది. ఇంకేం, బేరం కుదిరిపోయింది.

మా వీధిలో టంకశాలలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. మావాడు మురిసిపోతూ తీసుకెళ్ళి చూపించాడు. ఆయన కిటికీ దగ్గర నిలబడి బిళ్ళను అటూ ఇటూ తిప్పి చూసి, "అమ్మాయ్, ఇది రూపాయికి రూపాయే చేస్తుంది" అన్నారు. నా ముఖం చూసి జాలిపడ్డారో ఏమో, కూర్చోబెట్టి సంగతంతా విప్పి చెప్పారు.

మన నాణేల మీద సంవత్సరం కింద ఉండే చిన్న గుర్తును బట్టి అది ఏ టంకశాలలో తయారైందో తెలుస్తుంది. ముంబైది డైమండు ఆకారం, మన హైదరాబాదుది నక్షత్రం, నోయిడాది చుక్క. కలకత్తా వారు ఏ గుర్తూ వెయ్యరు. 1950లలో, 60లలో హైదరాబాదు నాణేల మీద చీలిన డైమండు, మధ్యలో చుక్క ఉన్న డైమండు కూడా కనిపిస్తాయి. మన టంకశాల నిజాముల కాలంలో, 1803లో పుట్టింది. 1903 నుంచి సైఫాబాదులో ఉండి, 1997లో చర్లపల్లికి మారింది. నోయిడాది 1988లో మొదలైంది. కనుక అంతకు ముందటి రూపాయి మీద చుక్కలాంటిది కనిపించి ఎవరైనా నోయిడా అంటే నమ్మకండి. అరిగిన నక్షత్రం కూడా ఒక్కోసారి చుక్కలాగే కనిపిస్తుంది సుమండీ.

ఇక అసలు సంగతికి వద్దాం. పాలకోవా బిళ్ళలు అచ్చులో వేస్తాం గదా. చెక్కలో పువ్వు గుంటగా చెక్కి ఉంటుంది, కోవా మీద అది ఉబ్బెత్తుగా తేలుతుంది. నాణెమూ అంతే. ఉక్కు అచ్చులో గుంట, నాణెం మీద ఉబ్బు. ఇప్పుడు చెక్కేవాడు పొరపాటున పువ్వును ఒకసారి చెక్కి, రవ్వంత పక్కకు జరిపి మళ్ళీ చెక్కాడనుకోండి. ఆ అచ్చులో వేసిన ప్రతి బిళ్ళ మీదా రెండు పువ్వులూ పూర్తిగా, గుండ్రంగా ఉబ్బి వస్తాయి. వెయ్యి బిళ్ళలు వేసినా అదే తప్పు, అదే చోట. ఇది అచ్చులోని తప్పు. నాణేలు సేకరించేవారు వెతికేది దీన్నే.

రెండోది మన చేతి తప్పు. అచ్చు మంచిదే, కోవా బాగానే పడింది, కానీ తీసేటప్పుడు చెయ్యి కదిలింది. అప్పుడేమవుతుంది? ఉబ్బిన రేకు అంచు నలిగి, పక్కన చదునుగా చిన్న మెట్టులా అణుగుతుంది. కొత్త కోవా ఎక్కడినుంచీ రాలేదు, ఉన్న రేకే కాస్త చిక్కింది. టంకశాల యంత్రంలో అచ్చు వదులైతే ఇదే జరుగుతుంది. దెబ్బ పడ్డాక అచ్చు అదిరి, లోహాన్ని పక్కకు రాస్తుంది. దీన్ని స్ట్రైక్ డబ్లింగ్ అంటారు. నేను కొన్నది ఇదేనండీ!

ఎలా పోల్చుకోవాలంటారా? పగటి వెలుతురు ఒక పక్కనుంచి పడేటట్టు కిటికీ దగ్గర కూర్చుని, పదింతలు చూపించే భూతద్దంతో బిళ్ళను మెల్లగా తిప్పండి. రెండో నక్షత్రం మొదటిదానిలాగే గుండ్రంగా ఉబ్బి ఉందా, లేక తళుక్కుమనే చదునైన మెట్టులా ఉందా? నిజంగా రెండుసార్లు కొట్టిన గుర్తయితే మొత్తం మీద వెడల్పు పెరుగుతుంది, కొసల దగ్గర చీలిక కనిపిస్తుంది. మెట్టయితే అసలు గుర్తే సన్నబడి ఉంటుంది. ఆ తరవాత పైనున్న అంకెలు చూడండి. నా రూపాయిలో అంకెలకు కూడా నక్షత్రం జరిగిన వైపే మెట్టు ఉంది. అచ్చు మొత్తం కదిలితే అన్నీ ఒకే వైపు జరుగుతాయి. గుర్తును మాత్రమే రెండుసార్లు కొట్టి ఉంటే అంకెలకు ఏమీ కాకూడదు గదా! కొట్లో నేను నక్షత్రాన్నే చూస్తూ ఉండిపోయాను, అంగుళంలో పదో వంతు దూరాన ఉన్న అంకెల మీదికి నా చూపే పోలేదు.

ఒక మాట, బాగా కనిపిస్తుందని నాణేన్ని చింతపండు పెట్టి తోమకండి. ఉన్న విలువ కూడా పోతుంది.

ఈ లెక్కకు మంచి ఉదాహరణ అమెరికా సెంటు. అక్కడ 1990 ప్రాంతం వరకూ టంకశాల అక్షరాన్ని ప్రతి అచ్చు మీదా చేత్తో సుత్తిపెట్టి కొట్టేవారు. అందుకే నిజమైన జంట గుర్తులు అక్కడ చాలా దొరుకుతాయి. 1909లో శాన్‌ఫ్రాన్సిస్కో సెంటు అచ్చు ఒకదాని మీద 'ఎస్' అక్షరం అడ్డంగా పడితే, దాని మీదే నిలువుగా మళ్ళీ కొట్టారు. అడ్డం ఎస్ జాడ ఇప్పటికీ కనిపిస్తుంది.

అదే ఊరి 1969 సెంటు కథ ఇంకా తమాషా. ఆ ఏటి ఒక అచ్చులో సంవత్సరమూ, పైనున్న అక్షరాలూ జంటగా పడ్డాయి. దాని ధర వేల డాలర్లు. అచ్చంతా తయారయ్యాక ఎస్ అక్షరాన్ని విడిగా కొట్టారు కనుక, అసలుదానిలో ఎస్ ఒక్కటే ఉంటుంది. అంకెలతోపాటు ఎస్ కూడా జంటగా కనిపించిందా, అది యంత్రం అదిరిన సరుకే. అమెరికాలో ఉన్న మా చెల్లెలు మావాడికి గుప్పెడు సెంట్లు పంపితే, అందులో 1969 ఎస్ ఒకటి వచ్చింది. జంటగా ఉందని ఇల్లంతా గంతులు వేశాడు. పది నిమిషాలయ్యాక వాడే వచ్చి, "ఎస్ కూడా రెండుందమ్మా" అన్నాడు నీరసంగా.

ఇంట్లో పాత బిళ్ళ ఉంటే లక్షలిస్తామని, ముందుగా రుసుము కట్టమని ఫోన్లలో వచ్చే కబుర్లు మీరూ చూసే ఉంటారు. తమ పేరు చెప్పి అలా రుసుము అడిగేవారిని నమ్మవద్దని 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకే ప్రకటన ఇచ్చింది.

కొట్టాయన దగ్గరకు మళ్ళీ వెళ్ళాను. "అమ్మిన సరుకు వాపసు తీసుకోనమ్మా" అన్నాడు. మావాడు ఆ రూపాయిని కాగితపు కవరులో పెట్టి, పైన ధర రెండున్నర వేలు అని రాసి, పక్కనే 'పాలకోవా' అని రాసి దాచుకున్నాడు. ఇక సెలవు.