సాధారణ పీడనంలో అతివాహకత: హైడ్రోజన్ సమ్మేళనాలపై కొనసాగుతున్న పరిశోధన

జయశంకర్ భూపాలపల్లి జిల్లా చెల్పూరులోని కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం వంటి చోట్ల ఉత్పత్తి అయ్యే విద్యుత్తు జనగామ మెట్ట భూములలోని బోరు మోటార్లకు చేరేలోగా కొంత భాగం తీగలలోనే వేడిగా మారి వృథా అవుతుంది. లోహంలోని విద్యుత్ నిరోధమే ఇందుకు కారణం. ఈ నిరోధం పూర్తిగా లోపించే స్థితిని అతివాహకత అంటారు. 1911లో నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞుడు కామర్లింగ్ ఓనెస్ పాదరసంలో దీనిని కనుగొన్నారు. అయితే అందుకు మైనస్ 269 డిగ్రీల సెల్సియస్ శీతలత అవసరమైంది.

హైడ్రోజన్ ప్రత్యేకత

మూలకాలన్నింటిలో తేలికైన హైడ్రోజన్ పరమాణువు అతివేగంగా కంపిస్తుంది. ఆ కంపనాలు ఎలక్ట్రాన్లను జంటలుగా కూర్చి, నిరోధం లేకుండా ప్రవహింపజేయగలవు. లోహస్థితిలోని హైడ్రోజన్ అధిక ఉష్ణోగ్రతలోనే అతివాహకం కాగలదని 1968లో నీల్ యాష్‌క్రాఫ్ట్ ప్రతిపాదించారు. హైడ్రోజన్ అధికంగా గల సమ్మేళనాలతో ఇది మరింత సులభమని 2004లో సూచించారు.

2015లో జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థ పరిశోధకులు హైడ్రోజన్ సల్ఫైడ్‌ను తీవ్ర పీడనానికి గురిచేసి, మైనస్ 70 డిగ్రీల వద్ద అతివాహకతను సాధించారు. 2019 జనవరిలో మద్దూరి సోమయాజులు ప్రథమ రచయితగా వెలువడిన పరిశోధన పత్రం, లాంథనం-హైడ్రోజన్ సమ్మేళనంలో మైనస్ 13 డిగ్రీల వద్దనే అతివాహకత ఆధారాలను వెల్లడించింది.

పీడనమే అవరోధం

సోమయాజులు బృందం ప్రయోగంలో రెండు వజ్రపు మొనల మధ్య కలిగించిన పీడనం వాతావరణ పీడనానికి సుమారు 18 నుంచి 20 లక్షల రెట్లు. పీడనం తొలగించినచో హైడ్రోజన్ విడిపోయి సమ్మేళనం విచ్ఛిన్నమవుతుంది. కంటికి కనిపించనంత సూక్ష్మమైన నమూనాతో విద్యుత్ తీగను తయారుచేయడం సాధ్యం కాదు.

ఇందుకు భిన్నమైన ఉదాహరణ వజ్రమే. కృష్ణా తీరాన కొల్లూరు గనులలో లభించిన వజ్రాలు భూగర్భంలో సుమారు 150 కిలోమీటర్ల లోతున, తీవ్ర పీడనంలో రూపొందినవి. పైకి వచ్చిన తరువాత కూడా కార్బన్ బంధాల పటిష్ఠత వలన అవి చెక్కుచెదరలేదు. హైడ్రోజన్ సమ్మేళనాలకు కూడా ఇటువంటి స్థిరత్వం కల్పించడమే ప్రస్తుత లక్ష్యం.

పరిశోధన మార్గాలు

హైడ్రోజన్‌ను పట్టి ఉంచేందుకు మరొక మూలకాన్ని చేర్చడం ఒక మార్గం. 2023లో లాంథనంకు బెరీలియం చేర్చిన సమ్మేళనంలో, దాదాపు 8 లక్షల రెట్ల పీడనంలోనే మైనస్ 163 డిగ్రీల వద్ద అతివాహకత లభించింది. మెగ్నీషియం, ఇరిడియంలతో ఆరు హైడ్రోజన్ పరమాణువులు కలిసిన సమ్మేళనం సాధారణ పీడనంలో సుమారు మైనస్ 113 డిగ్రీల వద్దనే అతివాహకం కాగలదని 2024లో ఒక గణన తెలిపింది. మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌తో దీనిని సులభంగా చల్లబరచవచ్చును. అయితే అనంతరం జరిగిన ప్రయోగంలో ఐదు హైడ్రోజన్ పరమాణువులు గల పదార్థం మాత్రమే లభించింది. ఆరవ దానిని చేర్చడమే ఇక మిగిలిన సమస్య.

గది ఉష్ణోగ్రతలోనే అతివాహకత సాధించామంటూ 2020, 2023 సంవత్సరాలలో వెలువడిన రెండు పత్రాలను ప్రచురించిన పత్రికయే తరువాత ఉపసంహరించింది. కావున ఏ ఫలితమైనా ఇతర ప్రయోగశాలలలో ధ్రువపడిన తరువాతనే విశ్వసనీయమవుతుంది. ఆ విధంగా ధ్రువపడిన పదార్థం సాధారణ పీడనంలో నిలిచిన నాడు, విద్యుత్ కేంద్రం నుంచి పొలం వరకు జరిగే నష్టాన్ని తగ్గించే మార్గం సుగమమవుతుంది.